ఎడమచేతి కట్టు

ఈ సంగతి నేను ఇంతకు ముందే రాసి ఉండవలసింది. రాయకపోవడానికి మొదటి కారణం అందరికీ తెలిసిందే. యాభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు అక్షరాలు రావు. రెండో కారణం ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు వచ్చాక కూడా తొమ్మిదేళ్లు ఊరికే ఉన్నాను. రేషన్ అంగడి బోర్డు చదివాను, బస్సుల పేర్లు చదివాను, బ్యాంకులో నిశాని వేయమంటే పెన్ను అడిగి సంతకం పెట్టాను. ఇది మాత్రం రాయలేదు. ఒకసారి పదకొండు వరుసలు రాశాను, దాని సంగతి చివర వస్తుంది. అంతకు మించి రాస్తే నా మీద నేనే సాక్ష్యం చెప్పుకోవాలి. అక్షరం రాని రోజుల్లో ఆ బాధ లేదు. రాదు అంటే సరిపోయేది.

ఇప్పుడు చిక్కబళ్ళాపురంలో పట్టుదారానికి పురిపెట్టే ట్విస్టింగ్ షెడ్డులో నా తర్వాత చేరిన ఆడపిల్లలు, "పెద్దమ్మా, మీ కాలంలో పని ఎట్లుండేదో రాసియ్యి" అని అడిగారు. వాళ్లకు వినాలని ఉన్నది వేడినీళ్ల సంగతి, బొబ్బలెక్కిన చేతుల సంగతి. అవి కొంచెమే రాస్తాను. మిగిలింది నా చెల్లెలి సంగతి.

చింతామణి పక్కన ఒక పల్లెలో రీలింగ్ షెడ్డు ఉండేది. పట్టుగూళ్లను మరిగే నీళ్ల తొట్టిలో వేసి, వాటి కొసలు వెదికి పట్టుకుని, ఎనిమిదో తొమ్మిదో పోగులు కలిపి ఒక దారంగా చక్రానికి ఎక్కించడం మా పని. పన్నెండు తొట్లు, పన్నెండు మంది ఆడవాళ్లం. వేళ్ల చివర చర్మం నాని నాని తెల్లబడి, గీతలు చెరిగిపోయేవి. ఉడికిన పురుగు వాసన తలంటు పోసుకున్నా పోయేది కాదు. బస్సులో మా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, కాబట్టి మాకెప్పుడూ సీటు దొరికేది.

పనిలో ఒక్క విషయం మాత్రం సరిగ్గా చెప్పాలి. చక్రం మీద నుంచి దించిన దారపు చుట్టను లడి అంటాము. లడి చిక్కు పడకుండా నాలుగు చోట్ల మామూలు నూలుపోగుతో కట్టు వేయాలి. ఆ కట్టు చేతి అలవాటు. ఒకామె రెండు మెలికలు వేసేది, ఒకామె ముడి మీద ముడి వేసేది, ఒకామె కొసను పంటితో కొరికేది. మా పన్నెండు మందిలో ఒక్కరికీ సంతకం రాదు. కానీ లడులన్నీ కలిపి కుప్ప పోసినా, ఏది ఎవరిదో చూపు పడగానే చెప్పేవాళ్లం. మేస్త్రికి కూడా అదే ఆధారం. కొన్నవాళ్లు నూలు బాగాలేదని తిప్పి పంపితే, కట్టు చూసి మనిషిని పట్టుకునేవాడు.

నా చెల్లెలు నా పక్క తొట్టి. మా ఊరు బాగేపల్లి అవతల. నా భర్త చనిపోయాక నేను ఇద్దరు బిడ్డలను తీసుకుని ఆ షెడ్డులో చేరాను. షెడ్డు వెనక వరస గదుల్లో ఒకటి నాకిచ్చారు. బిడ్డలను చూసుకోవడానికి తోడుగా ఉంటుందని మా అమ్మ చెల్లెలిని నా వెంట పంపింది. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. వచ్చిన నెలకే తొట్టి ముందు కూర్చుంది. ఏడాది తిరిగేసరికి నాకంటే మంచి నూలు తీసింది.

ఆమెది ఎడమచేతి వాటం. కట్టు మూడు చుట్లు వెనక్కి తిప్పి, కొసను లోపలికి దోపేది. అట్లాంటి కట్టు ఇంకెవరికీ రాదు. మేస్త్రి దాన్ని చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

"ఏమ్మే, దేవుడు నీకు చేతులు తిప్పి పెట్టినాడా?"

"నీకు నోరు తిప్పి పెట్టినట్లేనన్నా!"

పన్నెండు తొట్ల దగ్గరా నవ్వు. మేస్త్రి కూడా నవ్వేవాడు. ఆ నవ్వును అతను ఎక్కడో దాచిపెట్టుకుంటున్నాడని మాకు తెలియదు.

ఒక ఎండాకాలం నా కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. చీము పట్టి వేలు వంకాయలా ఉబ్బింది. సెలవు పెడితే నా తొట్టి ఇంకొకరికి ఇస్తారు, తొట్టి పోతే గది పోతుంది. వేలికి గుడ్డ చుట్టుకుని పనిలో కూర్చున్నాను. దారం సన్నబడిందో మందమైందో వేలికే తెలియాలి, కంటికి కాదు. గుడ్డ చుట్టిన వేలికి ఏం తెలుస్తుంది? పది రోజులు నేను తీసిన నూలు ఒక చోట వెంట్రుకలా, ఒక చోట పురికొసలా వచ్చింది. లడి కట్టడానికి కూడా వేలు వంగేది కాదు. నా చెల్లెలు తన లడులు కట్టుకుని, తర్వాత నావీ కట్టేది.

"నీ నూలు గుర్రం తోక మాదిరి ఉండాది గదక్కా."

"తొందరగా కట్టు. ఎవరన్నా చూస్తారు."

"కడ్తాండా కదా, ఏంటికి భయం?"

నాకు తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఆ పది రోజుల నా లడులన్నీ ఆమె కట్టుతో అంగడికి పోయాయి.

ఇరవై రోజుల తర్వాత ఆ లడుల కట్ట తిరిగి వచ్చింది. చక్రానికెక్కిస్తే అడుగడుగునా తెగుతోందని కొన్నవాడు షెడ్డు యజమాని సాహుకారు ముఖం మీద విసిరేసి పోయాడట. సాహుకారు ఎప్పుడూ షెడ్డు లోపలికి రాడు. ఆ రోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మేస్త్రి లడులను సిమెంటు అరుగు మీద పరిచి, మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టాడు.

"ఇది ఎవరి కట్టు?"

ఎవరూ చెప్పాల్సిన పని లేదు. అందరి కళ్లూ నా చెల్లెలి ఎడమచేతి మీద ఉన్నాయి.

"కట్టు నాదేనన్నా," అంది ఆమె. "నూలు నాది కాదు."

"మరెవురిది?"

ఆమె చెప్పలేదు. నా వైపు తిరిగి ఊరికే చూసింది. భయపడిన చూపు కాదు, బతిమాలిన చూపు అంతకన్నా కాదు. అక్క ఇప్పుడు చెబుతుంది, చెప్పగానే ఇది అయిపోతుంది అన్నట్టు నిదానంగా చూసింది.

నేను నా తొట్టిలో నీళ్ల వైపు చూశాను. గది గుర్తుకు వచ్చింది, బిడ్డలు గుర్తుకు వచ్చారు. అదంతా నిజమే. కానీ ఆ నిమిషంలో నేను వాళ్ల కోసం నోరు మూసుకున్నానని చెబితే అబద్ధమవుతుంది. సాహుకారు చూస్తుండగా అంతమంది ముందు నాది అనడానికి సిగ్గుపడ్డాను. పనిమంతురాలినని నాకు పేరుండేది.

మేస్త్రి ఒక లడిని విప్పి ఆమె మెడలో దండలా వేశాడు. "పో, గేటు కాడ నిలబడు. గూళ్లు తెచ్చే రైతులంతా చూడనీ." మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆమె ఎండలో గేటు దగ్గర నిలబడింది. గూళ్ల మూటలు దించే మగవాళ్లు ఒకరిద్దరు ఎగతాళి చేశారు. నేను నా తొట్టి దగ్గర కొసలు వెదుకుతూనే ఉన్నాను. ఆ రోజు నూలు ఒక్కసారి కూడా తెగలేదు.

గంట కొట్టగానే ఆమె లోపలికి వచ్చింది. మెడలోని లడి తీసి, నా తొట్టి గట్టు మీద పెట్టి, బయటికి నడిచింది. గదికి పోయిందనుకున్నాను. అప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు.

సాయంత్రం చూస్తే గదిలో లేదు. మొదట ఊరికి పోయి ఉంటుందనుకుని బాగేపల్లి బస్సెక్కాను. అమ్మ వాకిట్లో రాగులు చెరుగుతూ ఉంది. నన్ను ఒక్కదాన్నే చూసి చేట కింద పెట్టింది.

"అదేది?"

"ఈడికి రాలేదామ్మా?"

"నీ వెంబడి పంపిస్తిని కదే. నన్నడుగుతావేమి? ఏమైంది?"

"ఏంలేదు. గదిలో మాటా మాటా వచ్చె. అలిగి పోయింది."

అబద్ధం అంత సులభంగా ఎట్లా వచ్చిందో తెలియదు. ఒకసారి వచ్చాక ఇక ఆగలేదు. చింతామణి పోలీసు స్టేషన్‌లో రాసుకునే ఆయన, "యాకమ్మా హోదళు? ఎందుకు పోయింది?" అని కన్నడంలోనూ తెలుగులోనూ అడిగాడు. రెండింటికీ ఒకటే జవాబు, అలిగి పోయింది. ఫోటో లేదు. గుర్తులేమిటి అంటే, లడికి ఎడమచేతి కట్టు వేస్తుంది స్వామీ అన్నాను. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాపుకోలేకపోయాడు. కాగితం కింద బొటనవేలు ఒత్తించారు. మూడుసార్లు ఒత్తినా మసే తప్ప గీతలు పడలేదు.

"నీకు ముద్రే లేదల్లమ్మా. నువ్వే కాణె అయినట్టుండావు."

కాణె అంటే కన్నడంలో తప్పిపోవడం. ఆయన సరదాకే అన్నాడు.

ఆ తర్వాత వెదకడం నా బతుకులో ఒక పనైపోయింది. కైవార మఠానికి జనం వచ్చే రోజుల్లో భోజనాల వరస పక్కన నిలబడి ప్రతి ఆడమనిషి చేతి వైపు చూసేదాన్ని, ఎడమచేత్తో నీళ్లు వంచుకుంటుందేమోనని. గుడిబండెలో అట్లాంటి మనిషి ఉందని ఎవరో చెబితే పరిగెత్తాను. ఉన్నది వేరే ఊరి ఆమె. నన్ను కూర్చోబెట్టి ఉప్మా పెట్టింది. అడిగిన ప్రతివాళ్లకూ "అలిగి పోయిందమ్మా" అని చెప్పాను. వాళ్లు "అయ్యో, ఈ కాలం పిల్లలు" అనేవారు. నన్ను చూసి జాలిపడేవారు. ఆ జాలి తీసుకున్నాను. చెల్లెలి కోసం ఇంతగా తిరిగే అక్కను చూడలేదని షెడ్డులో చెప్పుకునేవారు. నా పేరు ఇంకా పెరిగింది. అమ్మ చనిపోయే ముందు రోజు కూడా, "అంత పంతమేమే దానికి, ఒక్కసారన్నా రాకూడదా" అంది. నేను ఆమె తల దువ్వుతూనే ఉన్నాను.

షెడ్డులో కొత్త మిషన్లు వచ్చాక మాలో సగం మందిని తీసేశారు. నేను చిక్కబళ్ళాపురం వచ్చి ట్విస్టింగ్ షెడ్డులో చేరాను. అక్కడ పని తిరగేసి చేయడమే. నలుమూలల నుంచి వచ్చిన లడులకు కట్టు కత్తిరించి, చక్రానికి తొడగాలి. రోజూ ఎందరి కట్లు కత్తిరించానో చెప్పలేను. ఒకరోజు కత్తెర ఆగిపోయింది. మూడు చుట్లు వెనక్కి, కొస లోపలికి.

సూపర్‌వైజరు వెనక నుంచి అరిచాడు. "ఏమమ్మా, లడికి దండం పెడ్తాండావా? కత్తిరించు!"

"అప్పా, ఇది యాడ నుంచి వచ్చింది?"

"కట్ట మీద చీటీ ఉంటాది. చదువుకో పో."

చీటీని పొద్దున నేనే పీకి చెత్తలో వేశాను. రోజూ అదే పని. ఏ షెడ్డు నుంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో ప్రతి కట్ట మీదా రాసి ఉంటుందని నాకు తెలియదు. చీటీ అంటే ధర అనుకునేదాన్ని. అప్పటికి నేను అక్కడ చేరి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆమె చేతి కట్టు ఎన్నిసార్లు నా ముందుకు వచ్చిందో, చూడకుండానే ఎన్నిసార్లు కత్తిరించానో.

పక్కన పనిచేసే పిల్ల పీయూసీ, అంటే ఇంటరు, చదివింది. "చీటీలు దాచు పెద్దమ్మా, నేను చదివి చెప్తా" అంది. ఎందుకో చెప్పవలసి వస్తుందని భయపడ్డాను. "వద్దు, నాకే నేర్పించు" అన్నాను. అట్లా మధ్యాహ్నం సద్ది తిన్నాక చీటీల మీదే నా బడి మొదలైంది. మొదట కన్నడం. తర్వాత తెలుగు, బాగేపల్లి వైపు పోయినప్పుడల్లా అటు నుంచి వచ్చే ఆంధ్రా బస్సుల బోర్డులు చూసి కూడబలుక్కున్నాను. మెదడు మొద్దుబారిన వయసు. ఒక అక్షరం నిలవడానికి వారం పట్టేది. ఏ కట్టలో ఎడమ కట్టు దొరికితే ఆ చీటీని రవికలో దాచేదాన్ని. రెండేళ్లకు చీటీలన్నీ వరసగా పెట్టి నా అంతట నేను చదివాను. అన్నింటి మీదా ఒకే ఊరు. మండికల్ దాటితే వస్తుంది. బస్సులో గంట ప్రయాణం కూడా లేదు.

ముందే చెప్పేస్తున్నాను. అక్కచెల్లెళ్లు కావలించుకుని ఏడ్చే కథ కోసం చదువుతూ ఉంటే ఇక్కడ ఆపేయండి.

ఆదివారం మాకు సెలవు, ఆ షెడ్డుకు కాదు. ఆరు తొట్ల చిన్న షెడ్డు. గేటు దగ్గర నుంచే చూశాను. రెండో తొట్టి ముందు, తల సగం నెరిసి, ఎడమచేత్తో కొసలు తీస్తూ ఉంది. నేను పిలిచాను. తలెత్తి చూసింది. లేవలేదు.

"నీళ్లు చల్లారిపోతాయి. ఉండు," అంది.

మధ్యాహ్నం గంట కొట్టేదాకా నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఎండగా ఉంది. గూళ్లు తెచ్చినవాళ్లు ఎవరమ్మా నువ్వు అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.

గంట కొట్టాక చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎట్ల కనుక్కొంటివి?"

"నీ కట్టు చూసి. చీటీ చదివినా. చదువు నేర్చుకున్నా."

"ఓహో." గేటుకు ఆనుకుంది. "నువ్వు చిక్కబళ్ళాపురంలో ఉండావని నాకు తెలుసు. నాలుగేండ్లయింది తెలిసి."

"తెలిసీ రాలేదామ్మే?"

"నేనేంటికి రావల్ల? పోగొట్టుకున్నది నువ్వు."

వెదికిన ఊళ్లన్నీ చెప్పడం మొదలుపెట్టాను. కైవార, గుడిబండె, స్టేషను. ఆమె మధ్యలో ఆపింది.

"టేసన్లో ఏమని రాపిస్తివి? ఏంటికి పోయిందని?"

నేను మళ్లీ గుడిబండె సంగతి ఎత్తబోయాను.

"చెప్పు."

"అలిగి పోయిందని."

"ఊర్లో?"

"అదే."

"అమ్మకు?"

ఆ ప్రశ్న కోసమే ఆమె మిగతావి అడిగిందని అప్పుడు అర్థమైంది. అమ్మ పోయిన సంగతి ఆమెకు ఎవరి ద్వారానో తెలుసు. తెలియనిది ఇదొక్కటే.

"అమ్మకూ అదే చెప్పినా."

"అయితే అమ్మ నేను అలిగినాననే అనుకొని పోయిందా?" గొంతు పెంచలేదు. "మెడలో లడి వేసింది పోనీ. అది ఆ పూటకే. నువ్వు ఇన్నేండ్లూ ఊరూరా తిరిగి వేస్తాండావు కదక్కా."

వాళ్ల షెడ్డులో గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుండగా నిలబడే ఉంది.

"చదువు వచ్చిందంటివి కదా. రాయి. ఆ నూలు నాది అని నీ చేత్తో రాయి. ఆ మేస్త్రికి చదివి వినిపించు. అప్పుడు ఆ కాగితం నాకు పంపు. మనిషివి మాత్రం రావద్దు."

లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత నేను నాలుగేళ్లు పనిచేశాను. ఎడమ కట్టు లడులు వస్తూనే ఉన్నాయి. ఆ కట్టు మారలేదు, రావద్దన్న మాట కూడా మారలేదు. ఆమె బాగుందని లడి చూసి తెలుసుకునేదాన్ని, కత్తిరించేదాన్ని. వెదకడం గురించి నన్ను ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒక్కటే చెబుతాను. మనిషి ఎందుకు పోయిందో అబద్ధం చెప్పుకుంటూ వెదికేవాళ్లు వెదకడం లేదు, తిరుగుతున్నారు.

ఆమెను చూసి వచ్చిన సాయంత్రమే దీపాలు పెట్టేలోపు రాశాను. పదకొండు వరుసలు. పీయూసీ పిల్లకు చూపించలేదు. తప్పులుంటే ఉండనీ అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున మొదటి బస్సుకు చింతామణి పోయాను. పాత షెడ్డులో ఇప్పుడు మాకు తెలియని భాష మాట్లాడే ఉత్తరాది పిల్లలు మిషన్ల మీద పనిచేస్తున్నారు. మేస్త్రి పక్కనే ఇంటి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. నన్ను గుర్తు పట్టాడు. కూర్చోమన్నాడు. కూర్చోలేదు. నిలబడే చదివాను. అక్షరం అక్షరం పట్టుకుని చదివేసరికి చాలాసేపు పట్టింది. ఆయన ఓపికగా విన్నాడు.

"ఇంతేనా?" అన్నాడు. "అది నాకు ఆ పొద్దే తెలుసు కదమ్మా."

"ఏం తెలుసప్పా?"

"నీ నూలని. ముప్పై ఏండ్లు నూలు పట్టినోనికి ఎవరి చెయ్యో తెల్దా? వేలికి గుడ్డ కట్టుకొని కూర్చోలేదా నువ్వు?"

"తెలిసీ దాని మెడలో ఏంటికేస్తివి?"

"సాహుకారు నిలబడిండె. ఎవరో ఒకరి మెడలో వెయ్యల్ల. నువ్వు యాడికీ పోయేదానివి కాదు, ఆ పిల్ల ఎదురు మాట్లాడేది." వాచిన కాలు రుద్దుకున్నాడు. "నువ్వు నోరు తెరిచింటే నీ మెడలో వేసింటా. తెరవలేదు. నీకే లేనిది నాకెందుకు?"

కాఫీ తాగి పొమ్మన్నాడు. తాగలేదు.

చిక్కబళ్ళాపురం బస్టాండుకు తిరిగి వచ్చేసరికి మండికల్ వైపు పోయే బస్సు నిలబడి ఉంది. ఊళ్లకు పంపేవి కండక్టరు చేతికిస్తే చేరుస్తాడు. కాగితాన్ని పొడుగ్గా మడిచాను. కొంగున ముడేసుకుని తెచ్చిన నూలుపోగు తీసి, నాలుగు చోట్ల కట్టు వేశాను. రెండు చుట్లు ముందుకి, ముడి పైకి. కుడిచేతి కట్టు. నాది.

ఆమె షెడ్డుకని చెప్పి ఇస్తే, కండక్టరు దాన్ని అద్దం దగ్గర దోపాడు. ఎవరిదమ్మా ఇది అని అడిగితే నాది అని చెబుదామని బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరూ అడగలేదు.